పెళ్లి క్యాసెట్టా, సీడీలా, డీవీడీయా: ఏది మేలు?

"పాత పెళ్లి క్యాసెట్ ఉంది. ఎప్పుడో దాన్ని సీడీల్లోకి ఎక్కించారు, ఆ తర్వాత డీవీడీ కూడా చేయించారు. ఇప్పుడు కంప్యూటర్‌లో దాచుకోవాలంటే దేన్నుంచి తీసుకోవాలి?" ఈ ప్రశ్న మాటిమాటికీ వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది జవాబు ముందే అనుకుని ఉంటారు: డీవీడీ డిజిటల్ కదా, అదే మేలు, క్యాసెట్ ఇక పారేయొచ్చు అని. దయచేసి పారేయకండి. నా ఓటు క్యాసెట్‌కే.

వీహెచ్‌ఎస్, అంటే మన ఇళ్లలోని మామూలు వీడియో క్యాసెట్, బొమ్మ స్పష్టతలో గొప్పదని నేననను. 1976లో జేవీసీ తెచ్చిన ఆ పద్ధతిలో అడ్డంగా దక్కేది 240 గీతల పాటి వివరమే. అయితే ఇంటి వీడియోల్లో నేను ముందు చూసేది స్పష్టత కాదు, కదలిక. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో తీసిన క్యాసెట్‌లో సెకనుకు 50 ఫీల్డులుంటాయి. ఫీల్డంటే గీత విడిచి గీతతో నింపిన సగం బొమ్మ, రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేము. అంటే మనిషి చెయ్యెత్తితే ఆ చెయ్యి సెకనులో 50 చోట్ల నమోదై ఉంటుంది. వీసీడీకి, అంటే వీడియో సీడీకి, అంత చోటు లేదు. 352×288 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములే. కాబట్టి సీడీలోకి ఎక్కించేటప్పుడు ప్రతి రెండు ఫీల్డుల్లో ఒకటి పోతుంది. పోయిన సగాన్ని ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఊహించి పూరించగలదే తప్ప తిరిగి తేలేదు.

పెళ్లి వీడియోలో గౌను వేసుకున్న చిన్నపిల్ల గిరగిరా తిరిగే చోటు ఒకటి వెతకండి. క్యాసెట్‌లో ముఖం మసగ్గా ఉన్నా తిరగడం మాత్రం నీళ్లలా సాగుతుంది. అదే చోటు వీసీడీలో చూస్తే గౌను అంచు చదరపు ముక్కలైపోయి, పిల్ల ఆగి ఆగి తిరుగుతుంది. సెకనుకు 1,150 కిలోబిట్లలో బొమ్మంతా ఇరికించాలి మరి. పైగా టేపు మీదుండే సన్నటి చుక్కల గోల వీసీడీ, డీవీడీల్లో వీడియోను చిన్నది చేసే ఎంపెగ్ కుదింపుకు బద్ధశత్రువు. ఫ్రేముకో రకంగా మారే ఆ చుక్కల కోసమే ఉన్న బిట్లలో చాలా భాగం ఖర్చయిపోతుంది, మనుషుల ముఖాలకు మిగిలేది కొంచెమే.

డీవీడీ సంగతి వేరు. 720×576 కొలత, ఫీల్డులన్నీ ఉంచుకునే వీలు ఉన్నాయి, కాబట్టి అది క్యాసెట్‌కు గట్టి పోటీ. అంతా ఎలా రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడు గంటల క్యాసెట్‌ను 4.7 జీబీ డిస్కు ఒక్కదాంట్లో సర్దితే, శబ్దంతో కలిపి సెకనుకు సుమారు 3.5 మెగాబిట్లే దక్కుతాయి. శుభ్రమైన సినిమా బొమ్మకైతే నెట్టుకురావచ్చు, చుక్కలున్న టేపుకు అది చాలదు. రెండు డిస్కుల్లో తీరిగ్గా రాయించినదైతే చూడ్డానికి బాగానే ఉంటుంది. మీ దగ్గర అలాంటిదుంటే, క్యాసెట్ నడిపే వీసీఆర్ దొరక్కపోతే, దానితో సరిపెట్టుకోండి, పెద్దగా నష్టపోరు. ఒక్కమాట: సీడీల నుంచి చేయించిన డీవీడీ అయితే అది వీసీడీ కిందే లెక్క.

పాడయ్యే తీరులో కూడా తేడా ఉంది. టేపు మెల్లమెల్లగా పాడవుతుంది. రంగు వెలుస్తుంది, అక్కడక్కడా తెల్ల గీతలు మెరుస్తాయి, అయినా బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. ఇంట్లో రాసిన డిస్కులో సమాచారాన్ని పట్టి ఉంచేది రంగు పూత. ఆ పూత దెబ్బతింటున్నా చాలాకాలం పైకి ఏమీ తెలియదు, ఆ తర్వాత ఒకరోజు ప్లేయర్ చదవనని మొరాయిస్తుంది. అందుకే క్యాసెట్ మేలని చెబుతూనే, డిస్కుల్ని ముందు కాపీ చేసుకోమంటాను. మళ్లీ కుదించకుండా వీడియో ఉండే ఫైళ్లను, అంటే డీవీడీలోని వీఓబీ (.VOB) ఫైళ్లను, సీడీలోని డీఏటీ (.DAT) ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. నిమిషాల్లో అయ్యే పని.

క్యాసెట్‌కున్న అసలు ఇబ్బంది దాన్ని నడిపే యంత్రం. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది. ఇక దొరికేవన్నీ వాడినవే. రబ్బరు రోలర్ గట్టిపడి, హెడ్ అరిగిపోయిన వీసీఆర్‌లో పెళ్లి క్యాసెట్ పెట్టడమంటే టెన్షనే, నలిపేసిందంటే అంతే. ముందు అక్కర్లేని క్యాసెట్ ఒకటి పెట్టి కాసేపు నడిపి చూడండి. మీ క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను గమనించండి. అంచు మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్‌ను అసలు తిప్పకండి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. వెన్నుభాగంలో చిన్న ప్లాస్టిక్ ముక్క ఇంకా ఉంటే విరిచేయండి, పొరపాటున రికార్డ్ బటన్ తగిలినా ఏమీ కాదు.

కంప్యూటర్‌లోకి తీసేటప్పుడు ఫీల్డులన్నీ ఉంచండి, సెకనుకు 50 ఫ్రేములుగా మార్చడం తర్వాత చేసుకోవచ్చు. తీసేటప్పుడే 25కి దించేస్తే వీసీడీ చేసిన పనే మీరూ చేసినట్టు. డీవీ (డిజిటల్ వీడియో) పద్ధతిలో దాస్తే గంటకు సుమారు 13 జీబీ పడుతుంది, ఇప్పటి డ్రైవుల్లో అదో లెక్క కాదు.

వీహెచ్‌ఎస్‌కు పోటీగా సోనీ తెచ్చిన బీటామ్యాక్స్ క్యాసెట్లు ఉన్నవాళ్లకీ ఇదే సలహా, కాకపోతే యంత్రం దొరకడం ఇంకా కష్టం. సోనీ ఆ రికార్డర్లను 2002లోనే ఆపేసింది. లేజర్‌డిస్కు గురించి కూడా అడుగుతుంటారు. అది సినిమాలు కొనుక్కుని చూసేవాళ్ల సరుకు, ఇంట్లో రికార్డు చేసుకునేది కాదు, కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

వీసీడీ ఒక్కచోట మాత్రం గెలవొచ్చు, అది శబ్దం. మామూలు క్యాసెట్‌లో శబ్దం టేపు అంచున సన్నటి ట్రాక్ మీద ఉంటుంది. అంచు నలిగితే ముందు దెబ్బతినేది అదే. టేపు బాగున్న రోజుల్లో సీడీకి ఎక్కించి ఉంటే, 224 కిలోబిట్ల ఆ శబ్దమే ఇప్పటి క్యాసెట్ శబ్దం కన్నా శుభ్రంగా ఉండొచ్చు. అలాంటప్పుడు బొమ్మ క్యాసెట్ నుంచి, మాటలు సీడీ నుంచి తీసుకుని కలపండి. సీడీ మారే చోటల్లా పెదవుల కదలికకు మాట సరిపోతోందో లేదో మళ్లీ చూసుకోవాలి, కొద్ది కొద్దిగా జరుగుతూ ఉంటుంది.