వర్డ్ ఫైండర్ యాప్: ‘ఇదే వరసలో’ అనే ఒక్క టిక్ కోసం

క్రాస్‌వర్డ్ నింపేవాళ్లకీ, అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు కట్టే స్క్రాబుల్ ఆడేవాళ్లకీ వర్డ్ ఫైండర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అక్షరాలిస్తే పదాలు చూపిస్తుంది, ప్రశ్నార్థకం పెడితే ఖాళీ గడి అనుకుంటుంది, అనాగ్రామ్‌లు, అంటే అక్షరాలు తారుమారైన మాటలు విప్పుతుంది. అవన్నీ ఏ యాప్‌లోనైనా ఉండేవే. నేను చాలాకాలంగా ఈ యాప్‌ని వదలకపోవడానికి కారణం వేరు. అందులో ‘ఇదే వరసలో’ అని ఒక టిక్ బాక్సుంది.

ఇచ్చిన అక్షరాలు పక్కపక్కనే ఉండక్కర్లేదు, మధ్యలో ఏమొచ్చినా పర్లేదు, వరస మాత్రం తప్పకూడదు. అదీ ఆ టిక్ పని. ఏ, ఈ, ఐ, ఓ, యూ అని కొట్టి టిక్ పెట్టి చూడండి. ఫెసీషియస్ వస్తుంది. ఎఫ్-ఏ-సీ-ఈ-టీ-ఐ-ఓ-యూ-ఎస్. అయిదు అచ్చులూ ఒక్కొక్కటి ఒక్కోసారే, అదీ బడిలో అప్పజెప్పిన వరసలోనే! అబ్‌స్టీమియస్ కూడా అంతే. వాటితోపాటు అడ్వెంటీషియస్, శాక్రిలీజియస్ కూడా కనిపిస్తాయి. వీటిలో ఐ రెండేసిసార్లుంది. శాక్రిలీజియస్‌లోనైతే ఏకీ ఈకీ నడుమ ఒక ఐ అదనంగా దూరింది. అయినా ఎడమ నుంచి కుడికి ఏరుకుంటూ పోతే అయిదూ వరసగానే దొరుకుతాయి కాబట్టి యాప్ వాటినీ లెక్కలోకి తీసుకుంది. సరైన పనే చేసింది.

ఇప్పుడు వరస తిప్పి కొట్టండి: యూ, ఓ, ఐ, ఈ, ఏ. సబ్‌కాంటినెంటల్, 14 అక్షరాలు. అన్‌కాంప్లిమెంటరీ, 15 అక్షరాలు. ఇది మొదటిసారి చూసినప్పుడు కలిగిన ఆనందం నాకింకా తగ్గలేదు. ఎన్నోసార్లు చదివిన మాటల్లో ఇలాంటి అమరిక ఉందని ఎవరైనా చూపిస్తే తప్ప కంటికి ఆనదు.

‘పొడవైనవి ముందు’ అనే ఏర్పాటు కూడా బాగుందని కొత్తల్లో చాలామందికి చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. న్యూమోనియా మొదటి అక్షరాలతో మొదలయ్యే 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరొకటుంది కదా, 1935లో పొడవు కోసమే పుట్టించిన మాట. ఏ, ఈ, సీ, ఎల్, ఎన్, ఓ, ఆర్, ఎస్, టీ లాంటి మామూలు అక్షరాలన్నీ అందులో ఉన్నాయి. దాంతో వరస టిక్ తీసేసి వెతికితే చాలాసార్లు అదే పైన వచ్చి కూర్చుంటుంది. స్క్రాబుల్ బోర్డు 15 గళ్లే కాబట్టి గరిష్ఠ పొడవు 15 అని ముందే పెట్టుకోవాలి. అది పెట్టినా కొన్ని మాటలు బోర్డు మీద పడవు. పిజ్జాజ్‌లో నాలుగు జెడ్‌లుంటాయి. ఇంగ్లిష్ సెట్‌లో ఒకటే జెడ్, ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్లలు రెండు. ఎంత సర్దినా మూడే. నిక్‌నాక్‌కి కావలసిన నాలుగు కేల గతీ అంతే. ఈ సంగతి యాప్ చెప్పదు, మనమే చూసుకోవాలి.

ఇక అసలు గొడవ. మేం కొందరం ఒకరికొకరం పజిళ్లు పంపుకుంటాం. ఒకరు అడిగారు: 14 అక్షరాల మాట, అందులో ఆరు ఐలుండాలి, ఏది? ఇలాంటిదానికే కదా యాప్ ఉన్నది అని పొడవు 14 పెట్టి ఆరు ఐలు కొట్టాను. అంతూపొంతూ లేని జాబితా వచ్చింది. మొదట్లోనే అకాంప్లిష్‌మెంట్. దాన్లో ఉన్నది ఒకే ఒక్క ఐ! ఒక ఐ తీసేసి చూశాను, జాబితా కదల్లేదు. ఒక్కటే ఉంచినా అదే జాబితా. అప్పుడు విషయం తెలిసింది. ‘ఎక్కడైనా’ అనే మామూలు వెతుకులాటలో ఆ అక్షరం ఉందా లేదా అన్నదే చూస్తుంది తప్ప ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టదు. పొడవైన మాటల కోసం వెతికేవాళ్లకి అక్షరాలు మళ్లీమళ్లీ రావడమే ముఖ్యం. ఆ లెక్కే లేకపోతే ఎలా? చాలా కోపం వచ్చింది. తయారుచేసినవాళ్లకి రాశాను. తర్వాత అప్‌డేట్లు వచ్చాయి గానీ ఇది మాత్రం అలాగే ఉంది.

ఆ రోజు పని జరిగింది మాత్రం నాకిష్టమైన టిక్ వల్లే. ఆరు ఐలు అలాగే ఉంచి ‘ఇదే వరసలో’ పెట్టాను. వరస చూడాలంటే రెండో ఐ మొదటిదాని తర్వాత రావాలి, మూడోది రెండోదాని తర్వాత. అంటే లెక్క దానంతటదే కుదురుతుంది. జాబితా ఒక్కసారిగా చిక్కిపోయింది. ఇన్‌డివిజిబిలిటీ, డివిజిబిలిటీస్, ఇన్‌విజిబిలిటీస్ లాంటివి మిగిలాయి. అడిగినాయన మనసులో ఉన్నది మొదటిదే.

కానీ ఈ ఉపాయం ఒకే అక్షరం తిరిగి వస్తేనే పనికొస్తుంది. ఆరు ఎస్‌లు, నాలుగు ఈలు, ఏ వరసలోనైనా సరే అంటే చేతులెత్తేయడమే. సెన్స్‌లెస్‌నెస్ అలాంటిది. రెండు అక్షరాలూ ఎలా అల్లుకున్నాయో ముందే తెలిస్తే ఇక వెతకడమెందుకు?

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (అక్షరాల అమరికని వర్ణించే సంకేతాలు) వచ్చినవాళ్లు ఒక పదాల ఫైలు పెట్టుకుని, ఫైళ్లలో వెతికే గ్రెప్ అనే కమాండ్‌తో ఇదంతా చేసుకోవచ్చు, ఇంకా నిక్కచ్చిగా కూడా. స్క్రాబుల్ పోటీలకి తయారయ్యేవాళ్లకి నేను ఈ యాప్‌ని గట్టిగా సిఫారసు చేయలేను. ఉత్తర అమెరికాలో వాడే జాబితా వేరు, మిగతా చాలాచోట్ల వాడే కాలిన్స్ జాబితా వేరు. యాప్ చూపించే మాట ఏ జాబితాలోదో అందులో ఎక్కడా రాసి లేదు. నేను పోటీలకి వెళ్లను. ఫోన్లో పజిళ్లు కట్టుకుంటాను, అందులోనూ వరసల పజిళ్లే ఎక్కువ. కాబట్టి నాకు సరిపోతోంది. ఆరు ఐల లెక్క సరిచేసిన యాప్ ఇంకోటి దొరికినా, దాన్లో ఈ వరస టిక్ లేకపోతే మారను.