నీళ్ళు దిగిన కాలంలో సోమశిల ఒడ్డు నడక

మా పాలమూరుకు సముద్రం లేదు గానీ, కొల్లాపూర్ దాటి సోమశిల చేరుకుంటే కృష్ణమ్మ వెనుక జలాలు కనుచూపు మేర పరుచుకుని, ఆవలి ఒడ్డున నల్లమల కొండలు నీలంగా కనిపిస్తూ ఉంటే, ఇది నదేనని నమ్మడానికి కాసేపు పడుతుంది. ఆ ఒడ్డు వెంటా చుట్టుపక్కల పల్లెల్లోనూ తోటల్లోనూ రెండు రోజుల పాటు దగ్గరుండి నడిపించి చూపించే ఏర్పాటును కొల్లాపూర్ ప్రాంతపు యువకులు కొందరు కలిసి చేస్తున్నారని తెలిసి, ఈ ఏడు కాముని పున్నమికీ ఉగాదికీ మధ్య నేను, మా వారు, పన్నెండేళ్ళ మా అమ్మాయి మహబూబ్‌నగర్ నుంచి వెళ్ళి వచ్చాము. పెద్దవాళ్ళకు మనిషికి 2,200 రూపాయలు, పిల్లలకు అందులో సగం తీసుకున్నారు. భోజనాలు, ఒక రాత్రి బస, పడవ ప్రయాణం అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి.

ఈ నడకకు వెళ్ళదలచిన వారు ముందుగా తెలుసుకోవలసింది కాలం గురించి. శ్రీశైలం జలాశయం నిండుగా ఉన్నప్పుడు, అంటే నీటిమట్టం 885 అడుగులకు చేరినప్పుడు, సోమశిల దగ్గర నీళ్ళు తప్ప నడవడానికి ఒడ్డు అనేది పెద్దగా మిగలదు. సంక్రాంతి దాటినప్పటి నుంచి నీళ్ళు దిగుతూ వచ్చి, ఫాల్గుణ మాసానికి ఒండ్రు మేటలు బయటపడతాయి. నెర్రెలు విచ్చిన ఆ మట్టి మీద అప్పుడప్పుడే లేత గడ్డి మొలుస్తూ ఉంటుంది. మొదట 308 టీఎంసీల నిల్వ కోసం కట్టిన జలాశయం పూడిక చేరి ఇప్పుడు సుమారు 215 టీఎంసీలకు తగ్గిందని పత్రికల్లో ఎన్నోసార్లు చదివాను గానీ, ఆ పూడిక అంటే ఏమిటో నాకు ఆ మేటల మీద మడమ లోతు దిగబడినప్పుడే తెలిసింది. నడిపించేవారు ముందే హెచ్చరించి, తడిసినా పాడుకాని పాత చెప్పులు తెచ్చుకొమ్మని చెప్పారు. ఆ మాట పాటించని వారు ఇబ్బంది పడ్డారు.

మొదటి రోజు నడకను ముందుండి నడిపించినది డెబ్బయ్యేళ్ళు దాటిన ఒక పెద్దాయన. ఆయన శ్రీశైలం ముంపు నిర్వాసితుడు. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట కోసం 1981లో ఊళ్ళను ఖాళీ చేయించి, కదలనన్న వారి ఇళ్ళను కూలగొట్టిన సంగతి ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నెంబరు జీవో మాట కొల్లాపూర్ హోటళ్ళ దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. అయితే ఆ పెద్దాయన మాకు ఈ చరిత్రనంతా వరుసగా చెప్పుకుంటూ పోలేదు. ఒడ్డు వెంట రెండు గంటలు నడిచాక ఒక చోట ఆగి, చేతికర్రతో మట్టిని పక్కకు తోసి, భుజం మీది తువ్వాలు చెంగుతో తుడిస్తే లోపలి నుంచి ఒక రాతి రోలు అంచు బయటపడింది.

రోటి గుంట నిండా ఒండ్రు గట్టిగా పట్టి ఉంది. పైపొరలో గోరంత గోరంత నత్తగుల్లలు, సగం విరిగిన ఆల్చిప్ప ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. గుంట అంచు మాత్రం ఎన్నో ఏళ్ళు రోకలి ఒరుసుకున్న నునుపుతో, అద్దంలా కాకపోయినా, చేత్తో తడిమితే జారేంత మెత్తగా ఉంది.

"గిది మా ఇంటెనక పెద్దమ్మోళ్ళ రోలు బిడ్డా. ఎండకాలమొస్తే అగుపడ్తది, వానలు పడితే మళ్ళ నీళ్ళల్ల కలుస్తది," అన్నారాయన.

"మరి అప్పుడే తీసుకుపోలేదేంటి తాతా?" అని మా అమ్మాయి అడిగింది.

"తోలుకపోనీకె బండ్లు దొరకలె బిడ్డా. ఊరందరికి ఎన్ని బండ్లుంటయి? పిల్లలనూ గింజలనూ ఏస్కపోయినం."

ఆయన అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. ఇది ఎవరిల్లు, ఇది బావి, అక్కడ చింతచెట్టు అని కర్రతో గీతలు గీసి, ముందుకు నడిచారు. మేము పద్నాలుగు మందిమి ఆ గీతలు తొక్కకుండా పక్కగా నడవడం నేను గమనించాను. ఒక మనిషి తన ఊరిని పరాయివాళ్ళకు ఇంత నిబ్బరంగా చూపించడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ ఒక్క గంట కోసమైనా ఈ నడకకు పెట్టిన డబ్బు ఎక్కువ కాదని నా అభిప్రాయం. అయితే, పది మందికి మించకుండా తీసుకువెళ్తామని చెప్పి పద్నాలుగు మందిని చేర్చుకోవడం వల్ల, మెల్లగా మాట్లాడే ఆ పెద్దాయన మాటలు వెనుకనున్న నలుగురైదుగురికి చాలాసార్లు వినపడనే లేదు. జనాన్ని తగ్గించడమో, కనీసం ఆయన ఆగినప్పుడల్లా అందరూ చేరేదాకా మొదలుపెట్టకుండా చూడడమో నిర్వాహకులు తప్పక చేయాలి.

ఒడ్డు మీద చూడవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. సర్కారు తుమ్మ పొదల మధ్య నుంచి దారి, నీళ్ళంచున బండరాళ్ళ మీద రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించాయి. పుట్టిలో వల తీసుకుని వచ్చిన ఒక జాలరి ఆ రోజు పడిన రవ్వ, బొచ్చె చేపలను చూపించి, అలివి వలల వాళ్ళు చేపపిల్లలను కూడా ఊడ్చుకుపోతున్నారని బాధపడ్డాడు. సన్నని కన్నులున్న ఆ వలలపై నిషేధం ఉన్నా అవి ఆగడం లేదన్నది ఇక్కడి జాలర్లందరి మాట. ఈ సంభాషణ నడకలో భాగంగా ముందే అనుకున్నది కాదు. నడిపించే యువకుడు జాలరిని "అన్నా" అని పిలిచి, మాకోసం కాసేపు ఆగమని అడిగాడు. స్థానికులు నడిపించే నడకకు, బస్సులో తెచ్చి దింపే విహారయాత్రకు తేడా ఇక్కడే తెలుస్తుంది.

సోమేశ్వరాలయం దగ్గర మాత్రం కొంత నిరాశ కలిగింది. ఆలయం గురించి చెప్పిన యువకుడు, గుడి మొదటి నుంచీ ఇక్కడే ఉన్నదన్నట్టు, పాండవుల కథతో మొదలుపెట్టి అక్కడే ముగించాడు. నిజానికి శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు ఈ గుడిని పాత చోటి నుంచి విప్పి తెచ్చి పై ఎత్తున తిరిగి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇలాగే అలంపురానికి తరలించారు. పక్కనున్న జటప్రోలులోనూ మదనగోపాలస్వామి గుడికి అదే జరిగింది. రాయి రాయికీ గుర్తులు పెట్టి విప్పి, మళ్ళీ అదే వరుసలో పేర్చడమంటే మాటలు కాదు. రోలును వదిలి వచ్చిన ఊరి పక్కనే, గుడిని రాయి రాయిగా మోసుకొచ్చిన సంగతి చెబితే వినేవారికి ఎంత అర్థమవుతుంది! పురాణకథ చెప్పవద్దని నేను అనడం లేదు, దానితో పాటు ఇది కూడా చెప్పాలి. ఆ యువకుడితో నేను ఈ మాట అంటే శ్రద్ధగా విన్నాడు. వచ్చే విడత నుంచి చెబుతానన్నాడు.

పడవ విషయంలో నేను ఇంత నెమ్మదిగా రాయలేను. సాయంత్రం ఆవలి ఒడ్డున సంగమేశ్వరం దాకా తీసుకువెళ్ళారు (అలంపురానికి తరలించిన కూడవెల్లి గుడి వేరు, ఇది వేరు). నంద్యాల జిల్లా వైపు, సప్తనదులు కలుస్తాయని చెప్పే ఆ చోట, వేపకర్రతో చేసిన లింగం ఉన్న గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉండి, ఈ కాలంలోనే బయటపడుతుంది. మిగిలిన ఆరు నదులకు ఎదురుగా పడమటికి పారే భవనాసి కథ మా అమ్మాయికి బాగా నచ్చింది. చూడవలసిన చోటే, సందేహం లేదు. కానీ పడవలో ఉన్న పద్నాలుగు లైఫ్ జాకెట్లలో మూడింటికి బెల్టులు తెగిపోయి, తాళ్ళతో కట్టుకోవలసి వచ్చింది. పిల్లలకు సరిపడే కొలత ఒక్కటి కూడా లేదు. మా అమ్మాయికి పెద్దవాళ్ళ జాకెట్టే తొడిగి, నడుము దగ్గర నా చున్నీతో బిగించి కట్టాను. 2007లో ఇదే ప్రాంతంలో సింగోటం జాతరకు వస్తున్న భక్తుల పడవ మునిగి పదుల మంది ప్రాణాలు పోయిన ఘోరాన్ని ఇక్కడివారు మరిచిపోలేదు. అలాంటి నీళ్ళ మీద జనాన్ని తీసుకువెళ్ళేవారు తెగిన బెల్టును ఒక్కదాన్ని కూడా ఉపేక్షించకూడదు. పిల్లలతో వెళ్ళేవారు పడవ ఎక్కకముందే జాకెట్లు చూపించమని గట్టిగా అడగాలి, లేకపోతే పడవ మానుకోవాలి.

బస శుభ్రంగా ఉంది. రాత్రి భోజనంలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం, చేపల పులుసు వడ్డించారు. పులుసు ఘాటుగా ఉన్నా రుచి బాగుంది. మాంసాహారం తినని మా వారికి వేరే కూర విడిగా వండి పెట్టారు.

రెండో రోజు నడక ఒడ్డును వదిలి పల్లెల్లోకి, మామిడి తోటల్లోకి, ఆ పైన గుట్టవారగా సాగుతుంది. తెల్లవారి అయిదున్నరకు బయలుదేరతామని రాత్రి చెప్పి, చాయ్ తెచ్చే మనిషి రాలేదని ఏడు దాటాక బయలుదేరదీశారు. ఇది చిన్న పొరపాటుగా కనిపించవచ్చు గానీ, ఆ పూట నడకకు అదే పెద్ద దెబ్బ అయింది. ఎందుకంటే ఆ పూట చూపించవలసిన ముఖ్యమైనది ఇప్పపువ్వు రాలడం. ఇప్పచెట్టు పూలను రాత్రి చివరి జామున రాలుస్తుంది. మేము చేరేసరికి చెట్టు కింద నేలంతా వాడి, గోధుమరంగుకు తిరిగిన పూలే ఉన్నాయి. మమ్మల్ని నడిపించిన చెంచు యువకుడు నొచ్చుకుని, "పొద్దు పొడవకముందే రావాలమ్మా. తర్వాతయితే చీమలు, జింకలు, ఎలుగులు మనకు మిగలనియ్యవు," అన్నాడు. తప్పు అతనిది కాదు, అతను అయిదింటికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డి దుబ్బులో నీడన మిగిలిన ఒకే ఒక్క తాజా పువ్వును మా అమ్మాయి వెతికి పట్టుకుంది. చిటికెన వేలి కొసంత, లేత పసుపు కలిసిన తెలుపు, ద్రాక్షపండులా దళసరిగా ఉండి, నొక్కితే వేళ్ళకు జిగురంటుతుంది. నాలుక మీద మొదట చక్కెర తీపి, తర్వాత చాలాసేపు ముక్కులో నిలిచే ఒక మత్తైన వాసన.

దారిలో ఒక తోట యజమాని బేనిషాన్ చెట్ల కింద నిలబడి, పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేస్తే రైతుకు ఏం మిగులుతుందో, తేనెమంచు పురుగు పడితే ఏం పోతుందో చాలా ఓపికగా చెప్పాడు. కొల్లాపూర్ మామిడిని హైదరాబాదు మార్కెట్లో కొనుక్కుని తినే మనకు ఈ పది నిమిషాలు అవసరమని నాకు అనిపించింది. గుట్టవారన మోదుగలు ఆకు రాల్చి నిలువెల్లా పూసి ఉన్నాయి. పులుల రక్షిత ప్రాంతం హద్దు దగ్గరకు రాగానే చెంచు యువకుడు ఆగి, అటవీ శాఖ అనుమతి లేకుండా ఇక ఒక్క అడుగు కూడా వేయడం కుదరదని చెప్పాడు. మా గుంపులో ఒకరు ఎంత బతిమాలినా, అదనంగా డబ్బు ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ నిక్కచ్చితనం నాకు ఎంతో గౌరవం కలిగించింది. అడవిలోకి వెళ్ళాలనుకునేవారు మన్ననూరు వద్ద అటవీ శాఖ వారి ఏర్పాట్లలో వెళ్ళడమే సరైన దారి.

పది దాటేసరికి ఎండ తలమీదికి వచ్చింది. తొమ్మిది కిలోమీటర్ల నడకకు మనిషికి ఒక్క లీటరు నీళ్ళే ఇచ్చారు, అవి సగం దారిలోనే అయిపోయాయి. వెళ్ళేవారు తలా రెండు లీటర్లయినా సొంతంగా పట్టుకుపోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు మొదటి రోజు ఒడ్డు నడకకు నిశ్చింతగా రావచ్చు గానీ, రెండో రోజు గుట్టవార దారి రాళ్ళతో నిండి ఉంది కాబట్టి మానుకోవడం మేలు.

తిరిగి వచ్చాక నిర్వాహకులకు ఫోను చేసి జాకెట్ల గురించి, బయలుదేరే వేళ గురించి చెప్పాను. జాకెట్లు మార్చే దాకా పిల్లలను పడవ ఎక్కించబోమని మాట ఇచ్చారు. ఆ మాట నిలుపుకుంటే మా అన్నయ్య కుటుంబాన్ని కూడా పంపాలని ఉంది. ఎండలు ముదిరితే వైశాఖం నుంచి నడకలు ఆపేసి మళ్ళీ చలికాలంలో మొదలుపెడతారట. అయితే చలికాలానికి జలాశయం నిండి ఆ రోలు మళ్ళీ నీళ్ళ కిందికి వెళ్ళిపోతుంది కాబట్టి, పెద్దాయన ఊరిని చూడాలనుకునేవారు చైత్రం దాటకముందే వెళ్ళాలి.