ఎనిమిదేళ్లుగా ఇంట్లో చేస్తున్న క్యూబన్ గోధుమ మిల్క్‌షేక్: అంతా ఉప్పు దగ్గరే ఉంది

బతీదో దె త్రీగో. బతీదో అంటే మిల్క్‌షేక్, త్రీగో అంటే గోధుమ. పేలిన గోధుమలు, పాలు, కండెన్స్‌డ్ మిల్క్, ఐస్, చిటికెడు ఉప్పు వేసి మిక్సీ తిప్పితే అయిపోయింది. ఇంత తేలికైన దాన్ని కూడా నేను మొదటి మూడు నెలలు వరసపెట్టి చెడగొట్టాను, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

2016 చివర్లో ఉద్యోగం మీద మయామి వచ్చాం. కాలే ఓచో అని అక్కడందరూ పిలిచే ఎనిమిదో వీధిలో క్యూబన్ హోటళ్లకి ఫుట్‌పాత్ వైపు ఒక కిటికీ ఉంటుంది, వెంతనీతా అంటారు, లోపలికి వెళ్లే పని లేకుండా అక్కడే నిలబడి చిన్న కప్పులో చిక్కటి కాఫీ తాగేసి పోతారు. ఆ కిటికీ పక్కన బోర్డు మీద బతీదోల లిస్టు చూసి, నాకు తెలిసిన పండు కదా అని ధైర్యంగా "పపాయా" అన్నాను. వెనకున్న ముసలాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. క్యూబా వాళ్లకి ఆ మాటకి బూతు అర్థం ఉందట, బొప్పాయిని వాళ్లు ఫ్రూతా బోంబా అంటారట. సిగ్గుతో ఇంక నోరు తెరవకుండా బోర్డులో చివరి లైను మీద వేలు పెట్టాను. అది త్రీగో.

మొదటి గుక్కకే నాకు తొలి ఏకాదశి గుర్తొచ్చింది. జొన్న పేలాలు దంచి బెల్లం కలిపి అమ్మ పెట్టే పేలాల పిండి ఉంటుంది చూడండి, ఆ వేగిన గింజ వాసన అచ్చం అదే, కాకపోతే చల్లగా, పాలల్లో. మమే అనే పండు, గ్వానాబనా (మన లక్ష్మణఫలమే) బతీదోలు కూడా తర్వాత తాగాను, బాగుంటాయి, కానీ పండు మంచిదైతే షేక్ ఎలాగూ బాగుంటుంది. గింజతో ఆ రుచి తేవడమే నాకు గొప్పగా అనిపించింది.

ఇంట్లో చేయడం మొదలుపెట్టినప్పుడు చేసిన మొదటి తప్పు, తేనె పూత ఉన్న గోధుమ పఫ్స్ కొనడం. పిల్లలకి అమ్మే రకం. చాలామంది దాంతోనే చేస్తారు, అదేం నేరం కాదు, కానీ దాని మీద మళ్లీ కండెన్స్‌డ్ మిల్క్ పోస్తే గొంతులో గరగరలాడేంత తీపి, గోధుమ రుచి ఎక్కడో అడుగున. చక్కెర కలపని, ఉత్తి పేలిన గోధుమలే కొనండి. తేలిగ్గా ఉండే పెద్ద సంచీల్లో వస్తాయి, క్యూబన్ సూపర్ మార్కెట్లలో ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి నెల్లాళ్లు కనబడవు, అందుకని దొరికినప్పుడు రెండు తెచ్చుకుంటాను. మయామి గాలిలో తేమకి సంచీ తెరిచిన వారానికే మెత్తబడతాయి. షేక్‌కి మెత్తదనం అడ్డం కాదు గానీ పాతబడిన నూనె వాసన పడితే మాత్రం పారేయడమే.

రెండో తప్పు ఉప్పు వేయకపోవడం. పాలల్లో ఉప్పేంటి అని నేనూ అనుకున్నాను. మా పక్కింటి పెద్దావిడ 1968లో, తొమ్మిదేళ్ల పిల్లగా, క్యూబాలోని వరదేరో నుంచి మయామికి, దేశం వదిలి వచ్చేవాళ్ల కోసం నడిచిన ఫ్రీడమ్ ఫ్లైట్స్ అనే విమానాల్లో ఒకదాంట్లో తల్లిదండ్రులతో వచ్చారు. అప్పట్నుంచీ ఇక్కడే. ఒకరోజు గొప్పగా ఒక గ్లాసు తీసుకెళ్లి ఇచ్చాను. ఒక గుక్క తాగి, నాలుక కాసేపు అటూ ఇటూ తిప్పి, "లె ఫాల్తా సాల్, మీహో" అన్నారు. ఉప్పు తగ్గింది నాయనా, అని. వంటగదిలోకి తీసుకెళ్లి, మూడు వేళ్లతో ఉప్పు తీసి, అందులో సగం దులిపేసి, మిగిలింది గ్లాసులో వేసి చెంచాతో తిప్పి ఇచ్చారు. అదే పాలు, అదే గోధుమ, అప్పటిదాకా మంచంలో పడుకున్నవాడు లేచి కూర్చున్నట్టయింది. అప్పట్నుంచి ఉప్పు లేకుండా చేసింది లేదు. గ్లాసుకి చెంచాలో ఎనిమిదో వంతు దాటితే మాత్రం ఉప్పు తెలిసిపోతుంది, జాగ్రత్త.

ఇప్పుడు నేను చేసే లెక్క. పెద్ద గ్లాసు ఒకటికి: పేలిన గోధుమలు రెండు కప్పులు, బాగా చల్లటి పాలు ఒక కప్పు, కండెన్స్‌డ్ మిల్క్ మూడు టేబుల్ స్పూన్లు, ఉప్పు, ఐస్ నాలుగైదు ముక్కలు. ముందు ఒకటిన్నర కప్పు గోధుమలు పాలల్లో వేసి మూడు నిమిషాలు వదిలేయాలి. గడియారం చూసి మూడే. ఈ గింజ లోపలంతా డొల్ల. అలెగ్జాండర్ ఆండర్సన్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది, గింజని మూసిన గొట్టంలో వేడి చేసి ఒత్తిడి ఒక్కసారిగా వదిలేస్తే లోపలి తేమ ఆవిరై గింజ ఉబ్బుతుంది. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో ఫిరంగుల్లాంటి గొట్టాల్లోంచి బియ్యపు గింజల్ని ఇలాగే పేల్చి జనానికి చూపించారు. లోపలంతా గాలి గదులే కాబట్టి పాలని స్పాంజిలా పీల్చేస్తుంది. మూడు నిమిషాలైతే మెత్తగా నలుగుతుంది. పది నిమిషాలైతే గోధుమ జావే, నేను ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయి చాలాసార్లు జావ తాగాను. నానాక కండెన్స్‌డ్ మిల్క్, ఉప్పు వేసి నిమిషం తిప్పి, ఐస్ చివర్లో వేసి పదిహేను సెకన్లు. ఐస్ ముందే వేస్తే నీళ్లయిపోతుంది. మిగిలిన అర కప్పు గింజలు పైన చల్లుకోవడానికి.

ఎంత తిప్పినా పొట్టు ముక్కలు సన్నగా గోధుమ రంగులో కనబడుతూనే ఉంటాయి, గ్లాసు అంచుకి అతుక్కుంటాయి. అది అలాగే ఉండాలి. నేను మొదట్లో జల్లెడ పట్టాను, రుచంతా జల్లెడలోనే ఉండిపోయింది.

మిక్సీ సంగతి. మనవాళ్లు ఇక్కడ వాడే 110 వోల్టుల ఇండియా మిక్సీతో మొదలుపెట్టాను. చట్నీ జార్‌లో వేస్తే నురగ పొంగి మూత ఎగిరి సీలింగుకి తగిలింది, గోడ మీద బొట్లు రెండు వారాల తర్వాత కూడా కనిపించేవి. పెద్ద జార్‌లో సగానికి మించి నింపకపోతే పనవుతుంది గానీ మోటారు వేడెక్కి షేక్ కూడా వెచ్చబడుతుంది. తర్వాత మామూలు బ్లెండర్ కొన్నాను, ఖరీదైనది కాదు, ఆరేళ్లయింది, ఇంకా నడుస్తోంది.

పాలు వెన్న తీయనివే తీసుకోండి. రెండు శాతమే వెన్న ఉండే పాలతో పలచబడిపోతుంది, బాదం పాలతో ప్రయత్నించాను, గోధుమ రుచి మీద బాదం ఎక్కి కూర్చుంది. అతిథులొస్తే సగం పాలకి బదులు ఎవాపరేటెడ్ మిల్క్ (చక్కెర లేకుండా నీరు ఇగిర్చిన డబ్బా పాలు) పోస్తాను, చిక్కగా వస్తుంది, కానీ అది తాగాక భోజనం అనకూడదు.

2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లో అయిదు రోజులు కరెంటు లేదు. తుపాను సామాన్లలో కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలు, అట్టపెట్టె పాలు, ఈ గోధుమలు పుష్కలంగా ఉన్నాయి, మిక్సీ నడవదు, ఐస్ లేదు. చిన్న రాతి రోట్లో గోధుమలు దంచి, మూత బిగించిన సీసాలో పాలతో కలిపి చేతులు నొప్పెట్టేదాకా ఊపాను. వెచ్చగా, పలుకులు పలుకులుగా వచ్చింది. పిల్లలు మిగతా నాలుగు రోజులూ అదే అడిగారు, నాకైతే మళ్లీ చేయాలని లేదు.

2019లో అమ్మ కరీంనగర్ నుంచి వచ్చి మూడు నెలలుంది. మొదటిరోజే చేసిచ్చాను. "గిది మన పేలాల పిండి పాలల్ల కలిపినట్టే ఉందిరా, గింత ఇలాచీ పొడి ఎయ్యరాదు" అంది. వేశాను. పాయసం అయిపోయింది. వాసన బాగుంది, రుచి బాగుంది, కానీ అది బతీదో కాదు, ఏలకుల ముందు గోధుమ నిలబడదు. అమ్మ వాటాకి మాత్రం వేస్తూనే ఉన్నాను, ఆవిడతో వాదించేదెవరు.

తీపి గురించి కూడా చెప్పాలి. కండెన్స్‌డ్ మిల్క్ రెండు టేబుల్ స్పూన్లలోనే ఇరవై గ్రాముల పైన చక్కెర ఉంటుంది, నేను మూడు వేస్తున్నాను. మొదటి రెండేళ్లు వారానికి నాలుగుసార్లు తాగాను, ఆఫీసు హెల్త్ చెకప్‌లో షుగర్ అంచున ఉందన్నాక టెన్షన్ పడి శనివారం ఒక్కరోజుకి తగ్గించాను. ఒకటిన్నర టేబుల్ స్పూన్‌తో చేసి చూశాను, ఉప్పు సరిగ్గా పడితే ఆ మాత్రం తీపి చాలు, కానీ చిక్కదనం పోతుంది, దానికి గోధుమలు ఇంకో గుప్పెడు పెంచాలి. చక్కెర లేని స్వీటెనర్ ఒకసారి వేశాను, మళ్లీ వేయను.

బయట గ్లాసుకి అయ్యే ఖర్చులో ఇంట్లో సగం కూడా అవదు. అయినా ఆ కిటికీ దగ్గరికి నెలకోసారి వెళ్తూనే ఉంటాను, వాళ్ల ఐస్ మెత్తగా నలుగుతుంది, నాకు ఎనిమిదేళ్లయినా అది రాలేదు.

ఇంకొక్కటి, తాగడానికి కూర్చునే ముందే బ్లెండర్ జార్‌లో నీళ్లు పోసి ఒక్కసారి తిప్పేయండి. నేను ఒకసారి మర్చిపోయి సినిమాకి వెళ్లొచ్చేసరికి ఆ పొట్టు గంజి పెట్టినట్టు ఎండి, బ్లేడు కిందకి చేరి, పాత టూత్‌బ్రష్‌తో అరగంట గోకాల్సి వచ్చింది.