కౌబాయ్ ఇల్లు బ్రహ్మాండం, ఐస్ మాత్రం మీరే చూసుకోవాలి

పోయిన లాంగ్ వీకెండ్‌కి డల్లాస్ నుంచి మేం మూడు కుటుంబాలం టెక్సస్ హిల్ కంట్రీలో బండేరా దగ్గర ఒక రాంచ్ హౌస్ అద్దెకు తీసుకున్నాం. ప్రపంచ కౌబాయ్ రాజధాని అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్న ఊరది. ఇంటి పేరు రాయను, ఓనరమ్మ మంచావిడ, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తింది. ‘క్లాసిక్ కాక్‌టెయిల్స్‌కి సర్వం సిద్ధంగా ఉన్న సెలూన్ బార్’ (క్షౌరశాల కాదు, కౌబాయ్ సినిమాల్లో కనిపించే పాతకాలపు మందు దుకాణం లాంటిది) అని ప్రకటనలో ఉండబట్టే స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇంకో ఇల్లు వదులుకుని దీన్ని బుక్ చేశాం, అందుకే ఆ బార్ గురించే ఎక్కువ రాస్తాను.

చూడ్డానికి ఏ వంకా లేదు. పాత సెలూన్లలో ఉండే రెండు రెక్కల ఊగే తలుపు, గోడ మీద లాంగ్‌హార్న్ ఎద్దు కొమ్ములు, బండి చక్రానికి బల్బులు తగిలించి చేసిన షాండ్లియర్, కింద నేలమీద పరిచిన ఆవు తోలు. బార్ స్టూళ్ళకి సీట్ల బదులు గుర్రపు జీనులు బిగించారు. ఫొటోకి అదిరిపోతాయి కానీ పది నిమిషాలకి తొడలు పట్టేస్తాయి, మా బావగారు రెండో పెగ్గుకే దిగిపోయి సోఫా చూసుకున్నారు.

అసలు గొడవ బార్ కౌంటర్ వెనక మొదలైంది. అరల్లో సీసాలన్నీ ఖాళీవి, అలంకారానికి. అది సరే, మందు మనమే తెచ్చుకోవాలని ముందే చెప్పారు. రాగి షేకర్ ఉంది, చల్లబడగానే మూత బిగుసుకుపోయింది, ఇద్దరం పట్టుకుని లాగాల్సొచ్చింది. వడపోత లేదు, మా ఆవిడ ఎక్కడికెళ్ళినా వెంట తెచ్చే టీ వడపోతే దిక్కయింది. కొలిచే జిగ్గర్ కూడా లేకపోతే రైస్ కుక్కర్ కప్పు బయటికి తీశాం. ఆ కప్పు సరిగ్గా 180 మి.లీ., అంటే మనూళ్ళో క్వార్టర్, మూడు గ్లాసుల్లో సమానంగా పోస్తే తలా 60. లెక్క ఇంత చక్కగా కుదురుతుందని మేమూ అనుకోలేదు.

ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ చేయడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. మందు, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్ (చేదు మూలికల సారం), కాక్‌టెయిల్ అంటే ఇవీ అని 1806లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పత్రిక రాసింది, ఇదీ ఆ నాలుగే. బోర్బన్ (అమెరికా విస్కీ) 60 మి.లీ., చక్కెర బిళ్ళ ఒకటి, బిట్టర్స్ రెండు మూడు చుక్కలు, పైన నారింజ తొక్క పిండితే అయిపోయింది. కానీ గ్లాసులో పెద్ద ఐస్ గడ్డ ఒకటి ఉండాలి, నెమ్మదిగా కరగాలి. ఈ ఇంట్లో ఫ్రిజ్ ఇచ్చేవన్నీ చిన్న చిన్న ముక్కలు, మాట్లాడుకుంటూ ఒక గుక్క తాగేసరికే సగం కరిగిపోయాయి, మిగిలింది విస్కీ వాసన ఉన్న నీళ్ళు. అంత మంచి బోర్బన్ అలా పాడైతే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ రాత్రే మా స్టీల్ గిన్నెల్లో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెడితే, మర్నాడు తాగింది అసలైన ఓల్డ్ ఫ్యాషన్డ్.

ఆ చిన్న ఐస్ మింట్ జూలెప్‌కి మాత్రం బాగా పనికొచ్చింది. టవల్లో మూటకట్టి అప్పడాల కర్రతో దంచాం, పుదీనా, చక్కెర పాకం, బోర్బన్ వేసి లోహపు కప్పుల్లో పోస్తే బయట తెల్లగా మంచు పట్టింది. ఆ కప్పులు ఈ ఇంట్లోవే, నిజంగా మంచివి. జూలెప్ కెంటకీ డెర్బీ గుర్రప్పందేల పానీయం కదా, కౌబాయ్‌లకేం సంబంధం అని మావాడొకడు అడ్డుపడ్డాడు, రెండోది చేతికిచ్చాక ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు.

ఆడవాళ్ళ ఓటు రాంచ్ వాటర్‌కి పడింది. మెక్సికో మందు టకీలా, నిమ్మరసం, టోపో చికో అనే సోడా నీళ్ళు, అంతే, పశ్చిమ టెక్సస్ తాగుడు. నిమ్మసోడా తాగి పెరిగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, మధ్యలో టకీలా పడిందంతే. టకీలా, నిమ్మరసంతోనే చేసే మార్గరిటా కూడా అనుకున్నాం. ఫ్రోజెన్ మార్గరిటా మెషీన్ 1971లో పుట్టింది మా డల్లాస్‌లోనే, ఇప్పుడది స్మిత్‌సోనియన్‌ మ్యూజియంలో ఉంది. ఇక్కడున్న బ్లెండర్ రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది.

ఇంకో మాట, టెక్సస్‌లో ఆదివారం లిక్కర్ షాపులు తెరవరు, శనివారం రాత్రి తొమ్మిదికే మూసేస్తారు. తెలిసి కూడా మర్చిపోయాం. ఆదివారం సాయంత్రం మిర్చి బజ్జీలు వేడిగా పళ్ళెంలో ఉన్నాయి, సీసాలో బోర్బన్ లేదు, గ్రోసరీ స్టోర్ బీరుతో సరిపెట్టుకున్నాం.

నా రేటింగ్ ఐదుకి మూడు. ఐస్ అచ్చులు, వడపోత, జిగ్గర్ కొని పెడతానని ఓనరమ్మ మాటిచ్చింది, పెడితే ఒకటి పెంచుతాను. ఇంకోటి మాత్రం పెంచను, ఎందుకంటే క్లీనింగ్ ఫీజు విడిగా తీసుకుని కూడా గ్లాసులన్నీ కడిగి, చెత్త రోడ్డు దాకా మోసి, ఆ ఆవు తోలు కూడా దులిపి వెళ్ళమని గోడకి కాగితం అంటించారు.