జ్వాలా పరీక్ష: కంటితోనా, స్పెక్ట్రోస్కోప్‌తోనా?

విశాఖలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు ప్రాక్టికల్స్ దగ్గర పడగానే వచ్చే సందేహం ఇది. లవణాన్ని మంటలో పెట్టినప్పుడు వచ్చే రంగును బట్టి అందులోని లోహాన్ని కంటితోనే తేల్చవచ్చా?

ఖర్చు: కంటికి బర్నర్, నిక్రోమ్ తీగ, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. మంట వెలుగును విడదీసి రంగు గీతలుగా చూపే స్పెక్ట్రోస్కోప్ కొనాలంటే ఖరీదే. అయితే పాత సీడీ ముక్క, అట్టపెట్టె, సన్నని చీలికతో చేసుకున్నది కూడా గీతలు చూపిస్తుంది.

శ్రమ: కంటికి క్షణాలు. గీతలకు చీకటి గది, ఓపిక కావాలి.

పొరపాటు: అసలు తేడా ఇక్కడే. కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం లేత ఆకుపచ్చ, రాగి నీలి ఆకుపచ్చ. వీటికి కన్ను నమ్మదగినదే. కానీ లిథియం, స్ట్రాన్షియం రెండూ ముదురు ఎరుపు! స్పెక్ట్రోస్కోప్‌లో లిథియంకు 671 నానోమీటర్ల వద్ద బలమైన ఎర్ర గీత కనిపిస్తుంది. స్ట్రాన్షియంకు 461 వద్ద నీలి గీత ఉంటుంది. శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ 1860లో సీజియం అనే లోహాన్ని కనుగొన్నదీ ఇలాంటి నీలి గీతలతోనే.

సోడియం మరో చిక్కు. అది చేతి చెమటలో ఉంటుంది, మన సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులోనూ ఉంటుంది. దాని పసుపు వెలుగులో పొటాషియం లేత ఊదా మునిగిపోతుంది. తీగను ఆమ్లంలో ముంచి, మంటకు ఇక ఏ రంగూ రాని దాకా కాల్చడం తప్పనిసరి. పొటాషియం ఎర్ర గీతలు 766 దగ్గర, చూపు అంచున మసకగా ఉంటాయి కాబట్టి దానికి నేను సోడియం పసుపును అడ్డుకునే కోబాల్ట్ నీలి గాజునే ఎంచుకుంటాను.

పరీక్షలో ఒకే లవణం ఇస్తే కన్ను, నీలి గాజు చాలు. మిశ్రమమైనా, ఎరుపు మీద అనుమానమున్నా స్పెక్ట్రోస్కోప్ పట్టండి.