లిస్బన్‌లో ఐదు రాత్రులు: పాటల కోసం, గోడల కోసం

రాత్రి పదకొండు దాటింది. బైరో ఆల్టో పేటలో తాస్కా దో షికో అనే ఇరుకు హోటల్లో, ముక్కూముఖం తెలియని నలుగురితో ఒకే బల్ల పంచుకుని కూర్చున్నాను. పక్కబల్ల వాళ్లు గట్టిగా నవ్వుకుంటున్నారు. ఎవరో లైట్లు తగ్గించి "సిలెన్సియో" అన్నారు. అంతే, చిటుక్కుమన్న చప్పుడు లేదు. గ్లాసులు కడుగుతున్నతను కూడా కుళాయి కట్టేశాడు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న ఒక పెద్దావిడ నల్ల శాలువా సర్దుకుంటూ ముందుకొచ్చి, కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. మైకు లేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా గొంతు పట్టేసింది.

ఫాడో అనే ఈ పోర్చుగీసు పాట వినడానికే మార్చిలో లిస్బన్ వెళ్లాను. పాడేవాళ్ల వెనక రెండే వాద్యాలు. ఒకటి మామూలు గిటారు, దాన్ని అక్కడ 'వియోలా' అంటారు. రెండోది పోర్చుగీసు గిటారు. దానిది బేరిపండు ఆకారం, జంటలు జంటలుగా 12 తీగలు, విసనకర్రలా పరుచుకున్న బిరడలు. మాండలిన్ శ్రీనివాస్ గారిని వింటూ పెరిగిన చెవికి ఆ తీగల గలగల పరాయిదనిపించలేదు. ఆవిడ ఒక మాటని సాగదీసి ఆపితే ఆ సందులో గిటారు అందుకునేది, మన కచేరీలో గాత్రాన్ని వయొలిన్ అనుసరించినట్టు. ఆవిడ తర్వాత పాడినాయన అదే వరసలో వేరే పాట మొదలుపెట్టాడు. పాత ఫాడోలో పద్ధతే అదట: వరసలు కొన్నే, వాటిలో పాడుకునే కవితలు బోలెడు. మన జానపదాల్లో ఒకే వరసకి ఊరికో పాట ఉన్నట్టే.

ఇలా ఎవరైనా లేచి పాడే కూటాన్ని 'ఫాడో వాదియో' అంటారు. టికెట్ ఉండదు, తిన్నదానికీ తాగినదానికీ డబ్బులిస్తే చాలు. నాకు రొట్టె, చీజ్, ఒక గ్లాసు వైన్ కలిపి 15 యూరోల లోపే అయింది. కాకపోతే వీధిలో దాదాపు గంటసేపు నిలబడ్డాను. ముందు రోజు రాత్రి మాత్రం పొరపాటు చేశాను. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి 'భోజనం, ఫాడో' ప్యాకేజీకి 65 యూరోలు కట్టాను. ఆ రెస్టారెంట్ పేరు చెప్పను. పాట నడుస్తుంటే ప్లేట్లు తెస్తూనే ఉన్నారు, ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి. పాడిన అమ్మాయి మంచి గొంతు ఆ సందట్లో కొట్టుకుపోయింది. అడగకుండానే బల్లమీద పెట్టిన ఆలివ్‌లకీ రొట్టెకీ బిల్లులో విడిగా వేశారు. ఇది ఆ ఊళ్లో మామూలే. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపేయాలి. నాకు డబ్బులు పోయినందుకు కాదు, పాటకి దక్కని ఆ మర్యాద గురించే బాధేసింది.

బస విషయంలో రెండు రకాలూ చూశాను. మొదటి రెండు రాత్రులు బైరో ఆల్టోలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. కింద అన్నీ బార్లే, తెల్లారుజామున మూడు దాకా కిటికీ కింద జనం. పాటలు విని వచ్చాక నిద్ర కావాలనుకునేవాళ్లకి ఆ పేట పనికిరాదు. తర్వాత గ్రాసా కొండమీద చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాను. ఎక్కి రావడానికి మోకాళ్లు నొప్పులు పుడతాయి కానీ రాత్రి ప్రశాంతంగా ఉంటుంది. ఊరి పన్ను రాత్రికి మనిషికి 4 యూరోలు విడిగా కట్టాలి. ఆ గెస్ట్‌హౌస్ పెద్దావిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. చేతిలో తువాలు పెట్టి "తువాల్యా" అంది. చొక్కా బొత్తాం చూపించి అడిగితే "బొతావ్". మన తువాలు, బొత్తాం, అనాస, మేస్త్రి వాళ్ల భాష నుంచే వచ్చాయని చదివాను కానీ, ఆవిడ నోట వినడం వేరు.

గోడలమీది బొమ్మల సంగతికొస్తే, అల్ఫామా పేటలో రువా ద సాఁవ్ తొమే వీధిలో విల్స్ అనే కళాకారుడు 2015లో చేసిన అమాలియా రొద్రిగెష్ ముఖం దగ్గరే నేను రెండుసార్లు ఆగాను. ఫాడోని ప్రపంచానికి వినిపించిన గాయని ఆవిడ. ఇది రంగులతో వేసింది కాదు. లిస్బన్ పేవ్‌మెంట్లకి వాడే తెలుపు నలుపు రాళ్లతోనే, నగరపాలక సంస్థ పేవ్‌మెంట్ మేస్త్రులతో కలిసి చేశాడు. నేలమీది రాళ్లు అలలా లేచి గోడెక్కి ముఖంగా మారతాయి. రెండోసారి వెళ్లినప్పుడు తుంపర పడుతోంది. రాళ్ల సందుల్లోంచి నీళ్లు బుగ్గ మీదుగా జారుతున్నాయి. వాన పడితే ఏడ్చినట్టు కనబడాలనే అలా చేశాడట.

మొరారియా పేటలో ఇంకో రకం. ఫాడోకి తొలి పేరు తెచ్చిన మరియా సెవేరా ఉన్నది అక్కడే, 1846లో 26 ఏళ్లకే చనిపోయింది. ఆ సందుల్లో కామిల్లా వాట్సన్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ ఆ పేట ముసలివాళ్ల ఫొటోలు నేరుగా గోడలమీదే ముద్రించింది. కిందికి దిగితే మార్తిం మోనిజ్ అనే కూడలి చుట్టూ బంగ్లాదేశీ దుకాణాలు. అయిదు రోజుల్లో రెండుసార్లు పప్పన్నం తిన్నది అక్కడే. గోడబొమ్మల కోసం అందరూ చెప్పే ఎల్‌ఎక్స్ ఫ్యాక్టరీకి (షాపులుగా మార్చిన పాత ఫ్యాక్టరీ) మాత్రం పూట కేటాయించనక్కర్లేదు. బొమ్మల కంటే షాపులే ఎక్కువ.

ఆ పూటేదో కింతా దో మోషోకి ఇవ్వండి. విమానాశ్రయం అవతల సకవెంలో ఉన్న అపార్ట్‌మెంట్ల కాలనీ అది. అంగోలా, గినీ బిస్సావ్, కేప్ వెర్డె లాంటి దేశాల నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. ఒకప్పుడు బయటివాళ్లు అటు వెళ్లడానికి భయపడేవారు. 2014 నుంచి ఆ బిల్డింగుల పక్కగోడలన్నిటినీ బొమ్మలతో నింపారు, ఇప్పుడు వందకి పైనే ఉన్నాయి. అక్కడివాళ్లే గైడ్లుగా తిప్పుతారు. ఒంటరిగా ఫొటోలు తీస్తూ తిరగకుండా వాళ్లతోనే వెళ్లడం మర్యాద. నాలుగంతస్తుల ముఖం మీదుగా ఎవరివో పిల్లల యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. లిస్బన్ క్లబ్బుల్లో ఇప్పుడు మోగే 'బాతిదా' బీటు కూడా ఇలాంటి శివారు కాలనీల కుర్రాళ్లు ఇంట్లో కంప్యూటర్ల మీద చేసిందే. కిటికీలోంచి వినబడుతున్న ఆ డ్రమ్స్‌కి మా గైడ్ నడక తెలియకుండానే మారిపోయింది.

ఆడపిల్లవి, ఒక్కదానివే రాత్రుళ్లు ఎలా తిరుగుతావని అమ్మకి ఒకటే టెన్షన్. నాకైతే ఇబ్బంది కలగలేదు. కింది బజారులో మత్తుమందులు కావాలా అని గొణిగేవాళ్లు తగులుతారు. తల అడ్డంగా ఊపి నడిస్తే వెంటపడరు. 28వ నంబర్ ట్రామ్‌లో మాత్రం పర్సు జాగ్రత్త. మెట్రో రాత్రి ఒంటిగంట దాకానే, క్లబ్బులు నిండేదేమో రెండు తర్వాత. కాబట్టి క్యాబ్ ఖర్చు ముందే లెక్కేసుకోండి.

ఆఖరి రాత్రి నది ఒడ్డున బీ.లేజాకి వెళ్లాను. కేప్ వెర్డె సంగీతానికి పేరున్న క్లబ్ అది. లైవ్ బ్యాండ్, ముందు నెమ్మదిగా మోర్నా, తర్వాత జోరుగా ఫునానా. అరవై దాటినావిడ ఒకామె నన్ను కుర్చీలోంచి లేపి, తన నడుం మీద నా చెయ్యి పెట్టి, "వినకు, నడు" అని సైగ చేసింది. మూడు పాటలయ్యాక గానీ అడుగు పడలేదు. పడ్డాక మూడున్నరకి లైట్లు వేసేదాకా నేను కూర్చోలేదు.