మౌస్‌కి వైరు వద్దు, కీబోర్డుకి ఉండనివ్వండి

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. ఏళ్ల తరబడి రకరకాల వైర్‌లెస్ కీబోర్డులు, మౌస్‌లు వాడాను. యూఎస్‌బీ డాంగిల్‌తో (కంప్యూటర్ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్) నడిచేవి, బ్లూటూత్‌వి, సెల్లు వేసుకునేవి, ఛార్జింగ్ పెట్టుకునేవి, అన్నీ నా చేతిలో అరిగాయి. చివరికి బల్ల మీద నిలబడ్డవి వైర్‌లెస్ మౌస్, వైరున్న కీబోర్డు. వైర్‌లెస్ కీబోర్డునీ మౌస్‌నీ ఒకే డబ్బాలో పెట్టి కాంబోగా అమ్ముతారు కాబట్టి రెండిటి మంచిచెడ్డలూ ఒకటే అనిపిస్తుంది. వాడేకొద్దీ నాకు అలా అనిపించలేదు. వైరు తీసేస్తే మౌస్‌కి కలిగే లాభం వేరు, కీబోర్డుకి కలిగే లాభం వేరు. నష్టాల సంగతీ అంతే.

మౌస్ పొద్దస్తమానం కదిలే వస్తువు. దాని వైరు బల్ల అంచుకు ఒరుసుకుంటుంది, పుస్తకాల కింద ఇరుక్కుంటుంది. ఊరికే వెబ్ పేజీలు చదువుతున్నప్పుడు ఇది పట్టించుకోం. ఫొటోలో ఒక అంచు వెంబడి జాగ్రత్తగా గీత గీస్తున్నప్పుడో, స్ప్రెడ్‌షీట్‌లో గడి మూల పట్టుకుని వందల వరసలు కిందికి లాగుతున్నప్పుడో వైరు కాస్త బిగిస్తే చాలు, పట్టు తప్పుతుంది. పైగా మౌస్‌లోకి వైరు దూరే చోట రోజూ వంగి వంగి లోపలి తీగలు తెగుతాయి. వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటే తప్ప కర్సర్ కదలదు. నా దగ్గర వైరున్న మౌస్‌లు ఎక్కువగా పోయింది ఇలాగే. వైర్‌లెస్ మౌస్‌తో ఈ బెడద మొత్తం వదిలిపోతుంది. చేతికి ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది, ఏళ్లు గడిచినా ఆ సుఖం తగ్గదు.

వైర్‌లెస్ అంటే ఆలస్యంగా స్పందిస్తుందనే భయం చాలామందికి ఉంది. మామూలు వైరు మౌస్ సెకనుకు 125 సార్లు కంప్యూటర్‌కి కబురు పంపుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. మంచి గేమింగ్ వైర్‌లెస్ మౌస్‌లు డాంగిల్ మీద సెకనుకు 1000 సార్లు పంపుతాయి. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకంలో (దీన్నే ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ అంటారు) రెండు కబుర్ల మధ్య విరామం సాధారణంగా 7.5 మిల్లీసెకన్ల కన్నా తగ్గదు, చాలాసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆఫీసు పనికి ఈ తేడా కంటికి ఆనదు. వేగంగా ఆడే ఆటలకు మాత్రం బ్లూటూత్ వద్దు, డాంగిల్ ఉన్నదే తీసుకోండి.

నిజంగా తెలిసే ఆలస్యం ఇంకోటి ఉంది, నిద్ర. కాసేపు కదపకపోతే బ్యాటరీ ఆదా కోసం మౌస్ నిద్రపోతుంది. పెద్ద వ్యాసం చదివి, చక్రం తిప్పగానే పేజీ కదలదు. మొదటి తిప్పుడు మౌస్‌ని లేపడానికే సరిపోతుంది. డాంగిల్ మౌస్ చటుక్కున లేస్తుంది, బ్లూటూత్‌ది మళ్లీ కనెక్ట్ కావాలి కాబట్టి ఇంకాస్త బద్ధకిస్తుంది. దీనికి అలవాటు పడిపోవచ్చు. బరువు కూడా చెప్పుకోవాలి. ఒక ఏఏ ఆల్కలైన్ సెల్లు 23 గ్రాముల దాకా తూగుతుంది. రెండు సెల్లుల మౌస్ సాయంత్రానికి చేతికి బరువనిపిస్తుంది. కొన్ని మోడళ్లు రెండు సెల్లుల చోటున్నా ఒకదానితోనే నడుస్తాయి, అలా నడిచేదైతే రెండోది తీసేయండి.

ఇక అసలు సమస్య సిగ్నల్. ఈ పరికరాలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే మాట్లాడుకుంటాయి. వైఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు అక్కడే ఉంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పరిధిలోనే పనిచేస్తుంది. వాటికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కంప్యూటర్‌కి ఉన్న యూఎస్‌బీ 3 పోర్టు. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు పెట్టి ఫైళ్లు కాపీ చేస్తుంటే కర్సర్ ఆగి ఆగి నడిచేది. ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపితే గీతలా సాగాల్సింది, అంగుళానికో గంతు వేసేది. కాపీ అయిపోగానే మళ్లీ మామూలే. సెల్లు మార్చినా, ప్యాడ్ మార్చినా ఫలితం లేదు. కారణం ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరంగా రాసింది. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతుంటే కనెక్టరు నుంచీ కేబుల్ నుంచీ రేడియో గోల పుడుతుంది, అది 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య కూడా పరుచుకుంటుంది. పక్కనే ఉన్న డాంగిల్‌కి మౌస్ సిగ్నల్, చెవి పక్కనే మిక్సీ తిరుగుతుంటే ఫోన్‌లో అవతలి మాటలా అయిపోతుంది. రద్దీగా ఉన్న ఛానెల్ వదిలి ఇంకో ఛానెల్‌కి దూకే తెలివి బ్లూటూత్‌కి ఉంది కానీ, గోల బ్యాండంతా పరుచుకుంటే ఎక్కడికి దూకినా లాభం అంతంతే.

పరిష్కారం చాలా చవక. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొని, డాంగిల్‌ని పోర్టులోంచి తీసి బల్ల మీదికి, మౌస్‌కి కనబడే చోటికి తెచ్చుకోవాలి. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇనుప డబ్బా బల్ల కింద, డాంగిల్ దాని వెనక పోర్టులో, మధ్యలో మీ కాళ్లు: 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లోహం అడ్డుకుంటుంది, నీళ్లతో నిండిన మన ఒళ్లు పీల్చుకుంటుంది. కేబుల్ వేసినప్పటి నుంచి నా మౌస్ ఒక్కసారి కూడా తడబడలేదు. మౌస్ పాడైందనుకుని వెనక్కి పంపే ముందు ఈ ఒక్క పని చేసి చూడమని అడిగినవాళ్లందరికీ చెబుతాను.

ఇదే సిగ్నల్ తడబాటు కీబోర్డులో వస్తే తీరు మారిపోతుంది. కీ నొక్కిన కబురు ఒకటి, వదిలిన కబురు ఒకటి వెళ్లాలి. నొక్కిన కబురు పోతే అక్షరం పడదు. వదిలిన కబురు పోతే కంప్యూటర్ ఇంకా నొక్కే ఉన్నారనుకుని అదే అక్షరాన్ని వరసగా పేర్చుకుంటూ పోతుంది. కర్సర్ గంతు వేస్తే కళ్లముందే కనబడుతుంది, చెయ్యి సర్దుకుంటుంది. ఉత్తరం రాస్తుండగా అక్షరం ఎగిరిపోయినా చదువుకుని దిద్దుకోవచ్చు. పాస్‌వర్డ్ గడిలో అన్నీ చుక్కలే. పన్నెండు అక్షరాలకు పదకొండు చుక్కలు పడ్డాయని ఎవరు లెక్కపెడతారు? తప్పు అంటుంది, మళ్లీ కొడతాం, మళ్లీ తప్పంటుంది, చివరికి ఖాతా తాళం వేసుకుంటుంది. దానికి తోడు బ్యాటరీ ఆదా పేరుతో చాలా వైర్‌లెస్ కీబోర్డులకు క్యాప్స్ లాక్ దీపమే పెట్టరు. పెద్దక్షరాలు పడుతున్నాయో చిన్నవో చుక్కలు చెప్పవు. డబ్బా మీద ఎన్ని గొప్పలు రాసున్నా ఈ దీపం లేని కీబోర్డు నాకు నచ్చదు.

కంప్యూటర్ మొరాయించిన రోజున ఇంకో చిక్కు. ఆపరేటింగ్ సిస్టమ్ లేచాకే చాలా కంప్యూటర్లలో బ్లూటూత్ పనిచేస్తుంది. బయోస్ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రాం) సెట్టింగుల్లోకి వెళ్లాలన్నా, డిస్కుకి ఎన్‌క్రిప్షన్ (డేటాని ఇతరులకు అర్థంకాని సంకేతాల్లోకి మార్చడం) పెట్టుకుంటే ఆ పాస్‌ఫ్రేజ్ కొట్టాలన్నా అంతకుముందే కీబోర్డు పలకాలి. డాంగిల్ కీబోర్డు కంప్యూటర్‌కి మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనబడుతుంది కాబట్టి సాధారణంగా గట్టెక్కుతుంది. బ్లూటూత్ కీబోర్డు ఒక్కటే ఉన్నవాళ్లు తెర మీద ప్రశ్న కనబడుతుంటే జవాబు చెప్పలేక వైరు కీబోర్డు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

భద్రత దగ్గర నేను రాజీపడను. మన పాస్‌వర్డులు, ఉత్తరాలు, కార్డు నంబర్లు అన్నీ కీబోర్డు గుండానే వెళతాయి. 2016 ఫిబ్రవరిలో బాస్టిల్ అనే సంస్థ మౌస్‌జాక్ పేరుతో ఒక లోపాన్ని బయటపెట్టింది. పలు కంపెనీల డాంగిల్స్ ఎన్‌క్రిప్షన్ లేని కబుర్లను కూడా నమ్మేస్తున్నాయి, దాంతో 100 మీటర్ల దూరం నుంచి సైతం ఎవరో మీ కంప్యూటర్‌లో కీలు నొక్కినట్టు చేయగలరు అని చూపించింది. అదే ఏడాది జులైలో కీస్నిఫర్ వచ్చింది. కొన్ని చవక వైర్‌లెస్ కీబోర్డులు కొట్టిన ప్రతి అక్షరాన్నీ ఏ దాపరికం లేకుండా గాలిలోకి వదులుతున్నాయని తేలింది. బ్లూటూత్ అయితే నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2023 డిసెంబరులో భద్రతా పరిశోధకుడు మార్క్ న్యూలిన్ బయటపెట్టిన లోపంతో, ఆండ్రాయిడ్, లినక్స్, మ్యాక్ఓఎస్, ఐఓఎస్‌లలో కొన్ని పరిస్థితుల్లో యజమానిని అడగకుండానే ఒక నకిలీ బ్లూటూత్ కీబోర్డు జతకట్టి కీలు నొక్కగలిగేది. తర్వాత అప్‌డేట్లతో సరిచేశారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మౌస్‌జాక్‌లో మౌస్ డాంగిల్ కూడా దొంగకు దారి ఇచ్చింది, కాబట్టి మౌస్ ఒక్కటే వైర్‌లెస్ అయినా జాగ్రత్త తప్పదు. కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ డాంగిల్‌కి వేసుకోవాలి. లాజిటెక్ కంపెనీ 2021లో తెచ్చిన లాజీ బోల్ట్ డాంగిల్ లాంటివి ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ భద్రతా పద్ధతుల మీదే నడుస్తాయి, కొత్తగా కొనేవాళ్లు అలాంటివి చూసుకోవడం మంచిది. కానీ మౌస్ సిగ్నల్‌ని ఎవరైనా చాటుగా విన్నా వాళ్లకు దొరికేది కదలికలు, క్లిక్కులు. కీబోర్డుని వింటే అంతా దొరుకుతుంది. ఎన్‌క్రిప్షన్ ప్రస్తావనే లేని కాంబో కీబోర్డుతో బ్యాంకు పనులు చేయవద్దని గట్టిగా చెబుతాను.

బ్యాటరీ విషయంలో కీబోర్డు చాలా పొదుపు. దీపాలు లేని సెల్లుల కీబోర్డు ఒకసారి వేస్తే నెలల తరబడి మళ్లీ గుర్తుకే రాదు. కీల కింద వెలుగు పెట్టారంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఎంఎక్స్ కీస్ అనే ప్రసిద్ధ కీబోర్డుకి లాజిటెక్ చెప్పే లెక్కే చూడండి: వెలుగు ఉంటే 10 రోజులు, ఆర్పేస్తే 5 నెలలు. అంత తేడా ఉంటుంది.

ఎక్కువకాలం గుర్తుకు రాకపోవడంలోనూ ఒక ప్రమాదం ఉంది. లోపల మర్చిపోయిన ఆల్కలైన్ సెల్లు కారుతుంది. మూత తీస్తే స్ప్రింగు చుట్టూ తెల్లగా పొడిపొడిగా పేరుకుని ఉంటుంది. కారింది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. చర్మానికి మంచిది కాదు, చేతులకు తొడుగు వేసుకోండి. దూదిపుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కాస్త తడిపి స్ప్రింగుని తుడిచి, తర్వాత మంచినీటి తడితో ఇంకోసారి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాకే కొత్త సెల్లు వేయాలి. లోహం మరీ తినేయకపోతే మళ్లీ పనిచేస్తుంది. పక్కన పెట్టేసే పరికరంలోంచి సెల్లులు తీసేయడం దీనన్నిటికన్నా తేలిక.

ఛార్జింగ్ మౌసా, సెల్లు మౌసా అని అడిగితే నా ఓటు సెల్లుకే. లోపల బిగించిన లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు బలం తగ్గుతుంది. చాలా మోడళ్లలో దాన్ని మార్చాలంటే మౌస్ అడుగున అతికించిన పట్టీలు పీకి విప్పాలి. ఛార్జింగ్ పోర్టే అడుగున ఉన్న మౌస్‌లూ ఉన్నాయి, ఛార్జ్ ఎక్కుతున్నంతసేపూ బోర్లా పడుండటం తప్ప పనికిరావు. ఒక్క ఏఏ సెల్లుతో నడిచే మౌస్, సొరుగులో ఛార్జ్ చేసిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు ఇంకొకటి ఉంటే అరనిమిషంలో పని మళ్లీ మొదలవుతుంది. ఆ సెల్లులు 1.5 కాదు, 1.2 వోల్టులవి కాబట్టి కొన్ని పరికరాలు బ్యాటరీ అయిపోవచ్చిందని తొందరపడి హెచ్చరిస్తాయి, కంగారు అక్కర్లేదు.

డాంగిల్ గోరంత ఉంటుంది, పోగొట్టుకోవడం తేలిక. చాలా సెట్లలో డాంగిల్, పరికరం ఫ్యాక్టరీలోనే జతయి వస్తాయి, విడిగా దొరకదు. అది పోతే బాగున్న కీబోర్డు, మౌస్ రెండూ మూలన పడతాయి. లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫైయింగ్ లాంటి పద్ధతిలో ఒకే డాంగిల్‌కి 6 పరికరాల దాకా కలపొచ్చు, పోతే ఇంకోటి కొని మళ్లీ జతచేసుకోవచ్చు. యూనిఫైయింగ్‌కి, బోల్ట్‌కి పొత్తు కుదరదు, కొనేముందు ఏది ఏదో చూసుకోండి. ప్రయాణాల్లో డాంగిల్‌ని మౌస్ కడుపులో దాని కోసం ఇచ్చిన గూట్లోనే పెట్టండి.

వైర్‌లెస్ కీబోర్డు ఎవరికీ వద్దని నేననను. టీవీకి తగిలించిన కంప్యూటర్‌ని సోఫాలోంచి నడిపేవాళ్లకు, ట్యాబ్లెట్ మీద రాసుకునేవాళ్లకు, నడుం నొప్పితో వెనక్కి వాలి ఒళ్లో పెట్టుకుని టైప్ చేయాల్సినవాళ్లకు అదే సరైనది. ఒక కీ నొక్కి ల్యాప్‌టాప్, ఫోన్, ట్యాబ్లెట్ మధ్య మారే సౌకర్యం కూడా నిజంగా గొప్పది, వైరుతో అది రాదు. అలాంటివాళ్లు వైరుతో కూడా పనిచేసే వైర్‌లెస్ కీబోర్డు తీసుకుంటే పాస్‌వర్డుల దగ్గర, బయోస్ దగ్గర ఇబ్బంది ఉండదు. ఒక్కటి చూసుకోవాలి: యూఎస్‌బీ కేబుల్ ఇచ్చినంత మాత్రాన అది వైరు కీబోర్డు అయిపోదు. చాలావాటిలో ఆ కేబుల్ ఛార్జింగ్‌కే, అక్షరాలు అప్పుడూ గాలిలోనే వెళతాయి. కనిపెట్టడం తేలికే. డాంగిల్ తీసేసి, కంప్యూటర్‌లో బ్లూటూత్ ఆపేసి, కేబుల్ పెట్టి టైప్ చేయండి. తెర మీద అక్షరం పడితే డబ్బా ఉంచుకోండి, పడకపోతే తిరిగి ఇవ్వడానికి గడువు ఇంకా ఉండగానే ఇచ్చేయండి.